చేపల ఐసులో చలికాలం

మా మేనత్త బిట్రగుంటలో రైలు దిగినప్పుడు రేకుపెట్టెను కూలీకి ఇచ్చి, తడిగుడ్డలో చుట్టిన ఒక మూటను మాత్రం తన చేతుల్లోనే ఉంచుకుంది. నాన్న అందుకోబోతే తల అడ్డంగా ఊపింది. స్టేషన్ నుంచి మా ఊరికి ఎద్దుబండి ప్రయాణం. సముద్రం దగ్గరపడే కొద్దీ దారిలో ఇసుక ఎక్కువై, చక్రాలు కూరుకుపోయి, ఎద్దులు ఆగి ఆగి నడిచేవి. అంతసేపూ ఆ మూట ఆమె ఒళ్ళోనే ఉంది. అందులో ఏముందని అడిగితే, "నిద్రపోతా ఉండాది, లేపొద్దు" అంది. అప్పటికి నాకు పదేళ్ళు. మూటలో పసిబిడ్డ ఉందని నమ్మే వయసు కాదు. అయినా ఊరు చేరేదాకా గొంతు తగ్గించే మాట్లాడాను.

అది యాభై ఎనిమిది జనవరి. అత్త నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. నర్సు చదువు ముగించి, నీలగిరి కొండల్లో ఒక క్షయరోగుల ఆస్పత్రిలో చేరింది. వాళ్ళకూ వీళ్ళకూ చేసి చేసి, చివరికి ఆ జబ్బు ఆమెకే అంటుకుంది. తను దుప్పట్లు మార్చిన మంచాల వరసలోనే ఏడాదికి పైగా పడుకుని సూదులు వేయించుకుంది. నయమైందని డాక్టర్లు చెప్పారు. కానీ ఆ చలీ, రాత్రి డ్యూటీలూ ఇక ఆ ఊపిరితిత్తులకు సరిపడవని ఇంటికి పంపేశారు. ఇల్లంటే తమ్ముడి ఇల్లే.

నాన్న వడ్రంగి. మా ఊళ్ళో పడవల మరమ్మతులూ, చుట్టుపక్కల తలుపులూ కిటికీలూ, చర్చికి బెంచీలూ ఆయన చేతివే. పెంకుటిల్లు, రెండు గదులు, ఉత్తరం వైపు తాటాకు కప్పిన పంచ, పంచ చివర నాన్న పని చేసుకునే పాక. అక్క వస్తుందని తెలియగానే నాన్న పంచలో ఒక మూల పలకలు బిగించి చిన్న గది చేశాడు. అమ్మ ఆ గదిలో నులక మంచం వేసి, కొత్త కూజా, కొత్త గ్లాసు, కొత్త కంచం పెట్టింది. అవి వంటింట్లోకి రాకూడదని నాతో గట్టిగా చెప్పింది.

అమ్మకు ఒక అన్న ఉండేవాడట. ఇదే జబ్బుతో పోయాడు. అమ్మ ఆయన గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఎవరైనా దగ్గితే మాత్రం చేస్తున్న పని ఆపి అటు చూసేది. అప్పుడు మా తమ్ముడు పాకే పిల్లవాడు. అత్త పంచలో కూర్చుని ఉంటే వాడు అటు పాకిపోకుండా అమ్మ గుమ్మానికి అడ్డంగా పీట పెట్టేది.

అత్త ఆ పీటను చూసింది, కంచాన్నీ చూసింది. తన కంచం తనే వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పంచ గోడమీద బోర్లించేది. ఒకసారి నాన్న నొచ్చుకుని అమ్మను ఏదో అనబోతే ఆయన్నే మందలించింది. ఎన్నో ఇళ్ళవాళ్ళకు ఈ జాగ్రత్తలు తనే చెప్పి పంపించిందనీ, చెప్పకుండానే పాటించే మనిషి దొరికితే తప్పు పట్టడమేమిటనీ అంది. అది విని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూటలో ఉన్నది ఒక దుంప. అల్లం కొమ్ముల్లా ఒకదానికొకటి అతుక్కున్న ముక్కలు, వాటికి లావుపాటి తెల్లని వేళ్ళు. హోస్టా అంటారంది అత్త. మా నోళ్ళకు ఆ పేరు పట్టలేదు. నాన్న కొండచేమ అన్నాడు. ఇంట్లో ఆ పేరే నిలిచింది. ఆకు ఎలా ఉంటుందంటే అత్త పంచ ముందు ఇసుకలో వేలితో గీసి చూపించింది. తమలపాకు రూపమే కానీ చేటంత వెడల్పు, తొడిమ నుంచి కొస దాకా దిగిన ఈనెలు, చుట్టూ చీరకున్నట్టు తెల్లని అంచు. ఎండ గిట్టదు. నీడలో, చల్లటి చోట పెరుగుతుంది. ఆ ఆస్పత్రి దొరసాని డాక్టరు తన దేశం నుంచి తెచ్చి మెట్ల పక్కన నాటుకుందట.

అత్తతో ఒకే గదిలో ఉండే అరవ నర్సు ఆ మెట్ల పక్కనుంచి ఒక ముక్క తెచ్చి కుండీలో పెట్టింది. అత్త జబ్బుపడి మంచం ఎక్కాక ఆ కుండీని తెచ్చి ఆమె వార్డు కిటికీలో ఉంచింది. చలికాలమంతా అందులో ఉత్త మట్టే. చచ్చిపోయిన మొక్కకు నీళ్ళెందుకు పోస్తావని అత్త విసుక్కునేదట. ఆ స్నేహితురాలు బదులు చెప్పకుండా పోసి వెళ్ళేది. మార్చిలో ఒక పొద్దున మట్టిని చీల్చుకుని ఊదారంగు మొలకలు కనిపించాయి.

"ఆ పొద్దున నేను మంచం దిగి కిటికీ దాకా నడిచినా పాపా," అంది అత్త నాతో. "అంతకు ముందు ఎన్నాళ్ళో నడవలా."

ఆమె ఈ సంగతి చెబుతున్నప్పుడు అమ్మ వంటింటి కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ ఉంది. చేట ఆడించడం ఆపి వింటోందని నాకు తెలిసింది.

అత్త ఆ దుంపను కానుగచెట్ల కింది ఆకుమట్టీ, ఏటి ఇసుకా, చివికిన పేడా కలిపిన కుండీలో నాటి, పంచలో ఎండ సోకని మూల పెట్టింది.

మా తీరంలో సంక్రాంతి దాటాక వాతావరణం ఎవరి మాటా వినదు. తెల్లవారుజామున దుప్పటి కావాలి, మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోతుంది. ఒకరోజు సముద్రం మీంచి చల్లగా వీస్తే, మర్నాడు పడమటి నుంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి వస్తుంది. కల్లంలో వడ్లు ఉన్నప్పుడు ఎక్కడినుంచో మబ్బు పట్టి కాలంగాని వాన కొడుతుంది. రైతులు ఆకాశాన్ని తిట్టుకుంటారు. ఆ నెలల్లో అత్త కూడా వాళ్ళలాగే పొద్దున లేవగానే ఆకాశం చూసేది.

ఆ ఫిబ్రవరిలో అలాంటి వానే పడి గాలి చల్లబడింది. ఆ చల్లదనానికి మొలకలు వచ్చేశాయి. చుట్ట చుట్టిన ఆకులు కొంచెం కొంచెంగా విప్పుకుంటుంటే అత్త వాటి ముందు గొంతుక్కూర్చుని చూసేది. ఆమె ముఖంలో అంత వెలుగు అప్పటిదాకా నేను చూడలేదు. తర్వాత వాన వెలిసింది. మార్చి నెల ఇంకా సగం కూడా కాలేదు. ఒక మధ్యాహ్నం పడమటి గాలి తిరిగింది. నేను బడినుంచి వచ్చేసరికి ఆకులు కాల్చిన అప్పడాల్లా ఉన్నాయి. అత్త కత్తెరతో వాటిని మొదలుకంటా కత్తిరించి, మట్టిమీద తడి గోనెపట్టా కప్పింది. దుంప చావలేదులే అని నాకు ధైర్యం చెప్పింది. ఆ సాయంత్రం తను అన్నం తినలేదు.

మరుసటి ఏడాది రెండే ఆకులు వచ్చాయి. అరచేతికన్నా చిన్నవి, పాలిపోయినవి. గాలి వాటిని ఏమీ చేయలేదు. అవే నీరసపడి వాలిపోయాయి. నాన్న పక్కనే పాకలో చెక్క చిత్రిక పడుతున్నాడు. ఎరువు సరిపోలేదా అని అడిగాడు.

"ఎరువు కాదురా. దీనికి చలి కావాల. కొండ మీద నెలల తరబడి చలిలో నిద్రపోద్ది. ఈడ నిద్రే పట్టడంలా దానికి. నిద్రలేని మనిషి ఎన్నాళ్ళు పన్జేస్తాడు?"

నాన్న చిత్రిక పట్టుకుంటూ పోయాడు. కొంతసేపటికి పని ఆపి, తన ముందున్న చెక్కల వంక చూశాడు. అవి ఐసు పెట్టె చెక్కలు.

ఆ రోజుల్లోనే మా రేవుకు ఐసు రావడం మొదలైంది. అంతకు ముందు పడ్డ చేపలో అమ్ముడుపోగా మిగిలింది ఉప్పు వేసి ఎండబెట్టేవాళ్ళు. ఒక చేపల వ్యాపారి నెల్లూరు నుంచి రైల్లో ఐసు దిమ్మలు తెప్పించి, వంజరాలూ చందువలూ పెట్టెల్లో సర్ది, బిట్రగుంటలో మద్రాసు బండి ఎక్కించేవాడు. ఐసు కరగకుండా రెండు పొరల చెక్క, మధ్యలో వరి ఊక, లోపల రేకు. ఆ పెట్టెలు చేసేది నాన్న.

ఆ వ్యాపారికి మా అత్త అంటే గౌరవం. ఒకసారి ఐసు పగలగొడుతుంటే కొక్కెం జారి అతని అరచేతిలో దిగింది. పట్టించుకోకుండా తిరిగితే చెయ్యి మోచేతి దాకా వాచింది. అత్త రోజూ పుండు కడిగి కట్టు కట్టి మాన్పింది. ఊళ్ళో చాలామంది అప్పటికీ ఆమెకు దూరంగానే మసిలేవాళ్ళు. చర్చిలో ఆడవాళ్ళ చాపమీద ఆమె పక్కన చోటు ఖాళీగా ఉండేది. వ్యాపారి మాత్రం ఆమె మంచం పక్కన బల్లమీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళేవాడు. అతను తాగిన గ్లాసును అమ్మ ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకునేది.

నాన్న వెళ్ళి అడిగాడు. చలికాలంలో ఒక ఐసు పెట్టెలో మా అక్క దుంపకు కాస్త చోటు కావాలని. వ్యాపారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ఇంటికి వచ్చి, "దుంపను ఐసులో పెడితే కుళ్ళిపోదా నర్సమ్మా?" అని అడిగాడు. కుళ్ళదని అత్త చెప్పింది. ఐసు తగలకూడదు, నీళ్ళు చేరకూడదు, చల్లదనం మాత్రం తగలాలి. అతను పెట్టె ఎట్లా చెయ్యాలో చెప్పమన్నాడు.

నాన్న కొత్త పెట్టెకు లోపల ఒక పక్కన చిన్న అర బిగించాడు. నవంబరు వానలు వెలిశాక అత్త దుంపను తవ్వి, కడిగి, కొబ్బరిపీచులో చుట్టి, మూత గట్టిగా ఉన్న పాలపొడి డబ్బాలో పెట్టింది. ఆ డబ్బా అరలోకి వెళ్ళింది, మిగతా పెట్టెలోకి చేపలు వెళ్ళాయి. ఆ పెట్టెను మాత్రం మద్రాసు పంపకుండా, రోజూ మిగిలే చేపలు దాచే పెట్టెగా రేవులోని పాకలోనే ఉంచేశారు. అత్తా నేనూ సాయంత్రాలు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. ఆమె మూత తీసి డబ్బామీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు ఉంచేది.

ఊళ్ళో నవ్వుకున్నారు. నర్సమ్మ చేపల్లో చేమగడ్డ నిలవపెడుతోందన్నారు. అమ్మకు ఆ మాటలు నచ్చలేదు. నీళ్ళబావి దగ్గర ఎవరో అంటే, ఎవరి ఇంటి గడ్డ వాళ్ళు నిలవపెట్టుకుంటారు, మీకేమని అడిగిందట. ఇది నాకు తర్వాత ఒక స్నేహితురాలు చెప్పింది. అమ్మ ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

క్రిస్మస్ దాటాక సముద్రం పోటెత్తి పడవలు దిగలేదు. చేప లేకపోతే ఐసు ఎందుకు వస్తుంది? పెట్టెలో ఉన్నది కరిగిపోతూ వచ్చింది. నాన్న పని మానుకుని సైకిల్ వేసుకుని బిట్రగుంట వెళ్ళి, అక్కడ సోడాకొట్టువాడి దగ్గర ఐసుగడ్డ అడిగి, గోనెసంచిలో ఊకపోసి కట్టుకొచ్చాడు. ఇంటికొచ్చేసరికి వీపంతా తడిసి వణుకుతున్నాడు. అత్త నాన్న తల తుడుస్తూ, చిన్నప్పుడు ఎండ్రకాయ కోసం ఏట్లో దిగినప్పుడు కూడా ఇట్లాగే వచ్చాడని అమ్మతో చెప్పింది. అమ్మ నవ్వింది. అత్త మాటకు అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఫిబ్రవరిలో డబ్బా బయటికి తీశాం. దుంప గట్టిగా, చల్లగా ఉంది. కొంచెం చేపవాసన ఉంది. కుండీలో నాటిన మర్నాటి నుంచి వీధిలో పిల్లులన్నీ మా పంచకు వచ్చి దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. నాన్న కుండీ చుట్టూ వెదురుబద్దలతో దడి అల్లాడు. అత్త ఉదయం లేచి ఆకాశం కన్నా ముందు పిల్లుల్ని చూసుకునేది.

మొలకలు వచ్చాయి. ఈసారి ఒకటీ రెండూ కాదు, గుత్తిగా, ఊదారంగుతో, బొటనవేలంత లావున. అత్త మమ్మల్ని అందరినీ పిలిచింది. అమ్మ కూడా తమ్ముణ్ణి చంకనెత్తుకుని గడప దాటి వచ్చి చూసింది. ఇవా, అంది మెల్లగా.

వాటి మీద ఆ ఏడాది పడని కష్టం లేదు. మొదట వాన పట్టుకుని వదల్లేదు. తడికి నత్తలు ఎక్కడినుంచో వచ్చి లేత ఆకులకు చిల్లులు పెట్టాయి. అమ్మ పొయ్యిలోని బూడిద తెచ్చి కుండీ అంచు చుట్టూ గీతలా పోసింది. వాన తగ్గాక రెండు రోజులు హాయిగా గడిచాయి. ఆకులు విప్పుకున్నాయి. చేటంత కాకపోయినా, అన్నం వడ్డించుకునే పళ్ళెమంత అవుతాయనిపించింది. తెల్లని అంచు స్పష్టంగా కనిపించింది.

అప్పుడు అత్తకు జ్వరం వచ్చింది. జ్వరంతో పాటు దగ్గు. ఆ దగ్గు విన్న పూట అమ్మ ముఖం చూసి నాకు భయమేసింది. నాన్న పనిమీద కావలి వెళ్ళి ఉన్నాడు, రెండు రోజుల దాకా రాడు. ఆ మర్నాడే గాలి తిరిగింది. ఉదయం నుంచే పడమట దుమ్ము లేచింది. పదిగంటలకు పంచలో గచ్చుమీద కాలు పెట్టలేకపోయాం. బడి లేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. తలుపు తీసిన గదిలో మంచంమీద అత్త కళ్ళు మూసుకుని ఎగశ్వాస తీస్తోంది. పంచ మూల కుండీలో ఆకులు అంచులు ముడుచుకుంటున్నాయి.

అమ్మ తమ్ముణ్ణి పక్కింటి అవ్వకు అప్పగించి వచ్చింది. గుమ్మానికి అడ్డంగా ఉండే పీటను తీసి గోడకు ఆనించింది. నన్ను నీళ్ళు తోడమంది. నాన్న పాకలో ఉన్న గోనెసంచులన్నీ తెచ్చి, కోసి, పంచ పొడుగునా దూలానికి కట్టి తెరలా దించింది. నేను తోడిన నీళ్ళు చెంబుతో వాటి మీద కొడుతూ పోయింది. వేడిగాలి ఆ తడి గోనెల్లోంచి వచ్చేసరికి చల్లబడి మట్టివాసన వేసింది. కుండీని ఎత్తి తెచ్చి అత్త మంచం పక్కన, గదిలో పెట్టింది. అది చాలా బరువు. నేను పట్టుకోబోతే వద్దంది.

అత్త కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఆమె కూజా ఖాళీ అయి ఉంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, మేమంతా తాగే ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మంచం మీద కూర్చుని, అత్త మెడ కింద చెయ్యి వేసి లేపి, తన భుజానికి ఆనించుకుని తాగించింది. అత్త ముఖం పక్కకు తిప్పుకోబోయింది.

"ఆ గ్లాసులో పొయ్యి అమ్మాయ్. బిడ్డలుండే ఇల్లు."

"బిడ్డల సంగతి నేను చూసుకుంటాలే. తాగు వదినా."

అత్త తాగింది. అమ్మ ఆమెను వెంటనే పడుకోబెట్టలేదు. అట్లాగే ఆనించుకుని, తడిగుడ్డతో మెడా చేతులూ తుడుస్తూ కూర్చుంది. అత్త కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అమ్మ వాటిని కూడా ఆ తడిగుడ్డతోనే తుడిచింది.

గాలి ఆగేదాకా, ఆ రోజూ మరుసటి రోజూ, అమ్మ గోనెలమీద నీళ్ళు కొడుతూనే ఉంది. మధ్యమధ్య లోపలికి వచ్చి ఒక చెయ్యి అత్త నుదుటి మీదా, ఒక చెయ్యి ఆకుల మీదా పెట్టి చూసేది. నాన్న వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. బండి కట్టించి అత్తను కావలి తీసుకెళ్ళారు. అమ్మ కూడా వెళ్ళింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, పాత మచ్చలు తప్ప ఏమీ లేదనీ, ఇది ఊరంతా తిరుగుతున్న జ్వరమేననీ చెప్పాడట. తిరుగు ప్రయాణంలో బండిలో అత్త అమ్మ ఒళ్ళో తలపెట్టి నిద్రపోయిందని నాన్న చెప్పాడు.

నాలుగు రోజులకు అత్త లేచి తిరగసాగింది. ఒక పొద్దున పంచ గోడమీద చూసుకుంటే కంచమూ గ్లాసూ లేవు. వెతుక్కుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. అవి లోపల అలమరలో మా కంచాల మధ్య ఉన్నాయి.

"ఇవి ఈడ పెట్టినావేంది అమ్మాయ్?"

అమ్మ పొయ్యి ఊదుతోంది. వెనక్కి తిరగలేదు. "తోమేటప్పుడు అన్నీ కలిసిపోతా ఉండాయి వదినా. ఏరి పెట్టే ఓపిక లేదు నాకు."

అత్త గుమ్మం దాటింది. అమ్మ పక్కన కూర్చుని, కూరకు వంకాయలు తరగడం మొదలుపెట్టింది. మా ఇంటికి వచ్చిన ఇన్నాళ్ళలో ఆమె ఆ వంటింట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ముక్కలు మరీ పెద్దవిగా తరుగుతోందని అమ్మ అంది. ఆస్పత్రిలో అట్లాగే తరుగుతారని అత్త అంది.

ఆ ఈస్టరుకు చర్చిలో అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని అత్త పక్కన చాపమీద కూర్చుంది. పాట మధ్యలో వాడు అత్త ఒళ్ళోకి చేరి, ఆమె కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు. అంతా చూశారు. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల గజ్జికీ, చెవిపోటుకీ మా పంచకు రావడం మొదలైంది. నాన్న ఇంకో బల్ల చెయ్యాల్సి వచ్చింది.

మొక్కకు అంచులు కొద్దిగా మాడినా ఆ వేసవి గడిచింది. మరుసటి ఏడాది మళ్ళీ ఐసు, మళ్ళీ పిల్లులు, మళ్ళీ గోనెతెరలు. ఆ వేసవిలో ఆకుల మధ్య నుంచి ఒక కాడ లేచి, లేత ఊదారంగు గంటల్లాంటి పూలు పూసింది. వాసనేమీ లేదు. వ్యాపారిని పిలిచి చూపించాం. అతను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చాలాసేపు చూశాడు.

"ఇంత ఐసు తిని ఇంతేనా పూసింది నర్సమ్మా?" అన్నాడు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. అమ్మ పని ఆపలేదు, అటు చూడనూ లేదు. చెంబుతో నీళ్ళు మాత్రం అందించింది.

తర్వాత కొన్నేళ్ళు ఆ మొక్క అట్లాగే బతికింది. ఒక ఏడు బాగా, ఒక ఏడు నీరసంగా. ఎప్పుడు వాన పడుతుందో, ఎప్పుడు గాలి తిరుగుతుందో చెప్పలేం కనుక, ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇంట్లో గోనెలు కుట్టి సిద్ధంగా ఉండేవి. నేను చదువుకోసం నెల్లూరు వెళ్ళాక కూడా, అక్కడ హాస్టల్లో మధ్యాహ్నం వేడిగాలి తగిలితే, ఇంటిదగ్గర ఈపాటికి అమ్మ తెరలు దించి ఉంటుందని అనుకునేదాన్ని.

అరవై అయిదు ప్రాంతంలో ఒక నవంబరులో గాలివాన బలంగా వచ్చింది. రేవులో పాక లేచిపోయింది. ఐసు పెట్టెలు కొట్టుకుపోయాయి. వ్యాపారి తేరుకుని మళ్ళీ వ్యాపారం పెట్టడానికి చాలా నెలలు పట్టింది. ఆ చలికాలం దుంప కుండీలోనే ఉండిపోయింది. నేను మార్చి నెలాఖరులో సెలవుకు వచ్చేసరికి అందులో ఏమీ లేదు. ఫిబ్రవరి వానకు కూడా లేవలేదని నాన్న చెప్పాడు.

అత్త అప్పటికే మనసు గట్టి చేసుకుంది. ఇన్నేళ్ళు ఈ ఉప్పుగాలిలో బతకడమే ఎక్కువంది. అమ్మ మాత్రం ఉదయం పాత్రలు తోమడం అయ్యాక, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ మట్టిమీద కొంచెం కొంచెంగా పోసేది. ఏప్రిల్ వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒకరోజు అత్త ఆమె చేతిలోంచి చెంబు మెల్లగా తీసుకోబోయింది.

"ఇంక చాల్లే అమ్మాయ్. అది పోయింది."

"మళ్ళీ ఒక వాన పడుద్దేమో వదినా," అంది అమ్మ. "ఈ కాలాన్ని నమ్మేదెట్ట? ఇంకొన్నాళ్ళు చూద్దాం."

అత్త చెంబు వదిలేసింది. ఇద్దరూ కలిసి కుండీని ఎండ తగలని మూలకు ఇంకాస్త జరిపారు. సెలవు అయిపోయి నేను నెల్లూరు వెళ్ళే రోజు పొద్దున కూడా ఆ మట్టి తడిగానే ఉంది.